ఆఖరి రెండు విమానాలు

"ఒక్క విమానం పంపు తల్లీ! గాలి ఇటు తిరిగింది," అన్నాడు దాసు. ఈ పరాయి దేశంలో రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలని రూలు. ప్రాణాల మీదికొచ్చాక రూలు ఎవడికి కావాలి!

అడవి అంటుకుంది. లోయలో వృద్ధాశ్రమం ఉంది. ముసలివాళ్లను బస్సుల్లో దాటిస్తున్నారు. ఉన్నది ఒక్కటే రోడ్డు. ఆ రోడ్డు మీదికి మంట రాకుండా ఆపుతున్నది వాలంటీరు దళం కెప్టెన్ దాసు, అతని వెనక నలుగురైదుగురు యూనివర్సిటీ పిల్లలు.

నీళ్లు కుమ్మరించే విమానాలు ఎటు వెళ్లాలో చెప్పేది వెర్రిబీ అనే ఊళ్లో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న తేజస్విని.

"పంపను అంకుల్. మిగిలినవి రెండే. మంట మిమ్మల్ని చుట్టేస్తే అప్పుడు వదులుతా. బస్సులు దాటేదాకా హోల్డ్ చెయ్యండి, ప్లీజ్."

"మాటేనా?"

"మాటే అంకుల్."

అప్పుడే డ్యూటీ ఎక్కిన యోగానంద్ పక్క సీట్లోంచి నవ్వాడు. "నీకు మీ ముసలి కమాండర్ పూనాడే!"

క్లేటన్‌లో యూనివర్సిటీ చదువప్పుడు తేజస్విని థీసిస్ ఆ కమాండర్ మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆకాశానికి కాపలా కాసినవాడు. పక్క దేశం కూలిపోతూ విమానాలు అడిగితే, ఇంకొక్కటి కూడా ఇవ్వొద్దని ప్రధాని ఎదుటే మొండికేశాడు. అలా మిగిలిన విమానాలే తర్వాత దేశాన్ని కాపాడాయి. గెలిచాక ఆయన్నే పక్కన పెట్టేశారు, అది వేరే సంగతి. ఆయన ఫొటో ఎప్పుడూ తేజస్విని బల్ల మీదే ఉంటుంది.

ఇవాళ అది బోర్లా పడి ఉంది.

రెండో ఫోన్‌లో ఆమె ఒకే నంబరుకి మళ్లీ మళ్లీ చేస్తోంది. ఎవరూ ఎత్తడం లేదు.

దాసు మళ్లీ అడిగాడు. కాదంది. బతిమాలాడు. కాదంది. నోటికొచ్చినట్టు తిట్టాడు. పడింది.

చివరి బస్సు దాటింది. యోగానంద్ చప్పట్లు కొట్టాడు.

"మంట చుట్టేసింది తేజూ!" రేడియోలో దాసు దగ్గుతున్నాడు. "వెనక్కి దారి లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. నీ మాట మీదే ఇంతసేపు నిలబడ్డాం. ఇక వదులు తల్లీ!"

"ఇంకా చూస్తావేంటి? పంపు!" యోగానంద్ కేకేశాడు.

తేజస్విని రెండో ఫోన్‌లో మళ్లీ అదే నంబరు నొక్కింది.

ఆ నంబరు పక్క రాష్ట్రంవాళ్లది. పొద్దున వాళ్లు ఏడ్చి అడిగితే కాదనలేక, ఆ రెండు విమానాలనూ ఆమే పంపేసింది.