అమ్మ చేతి రంగు

"చేతులు సంచి కింద పెట్టుకో అమ్మా, అందరూ చూస్తున్నారు."

హాస్టల్ ముందుగదిలో బెంచీ మీద కూర్చున్న తల్లి గబుక్కున చేతులు దాచుకుంది. అందరూ అంటే ఆ గదిలో ఉన్నది వార్డెనూ, ఆవిడ పిల్లీ. పిల్లి నిద్రపోతోంది కూడా.

కూతురు నర్సింగు చదువుతోంది. వచ్చే ఆదివారం టోపీలు పెట్టే రోజు. ఒక్కో అమ్మాయికి వాళ్ళమ్మే వచ్చి తెల్లటోపీ తలమీద పెట్టి పిన్ను గుచ్చాలి. చూపు తగిలినా మాసిపోతుందేమో అన్నంత తెలుపు ఆ టోపీది.

తల్లిది రంగువేరు పని. కొండమీద గడ్డిలో మొలిచే మొక్క అది. వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి పొడి చేస్తే మిఠాయిల వాళ్ళూ వెన్న అమ్మేవాళ్ళూ కొనుక్కుపోతారు. రుచీ లేదు, వాసనా లేదు, ఒట్టి రంగు. అంటితే ఒక పట్టాన వదలదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పిల్ల తల్లి చేతుల్ని పచ్చగానే చూసింది.

చిన్నప్పుడు ముచ్చటపడి ఒక మొక్క తెచ్చి కుండీలో పెట్టుకుంది. చుట్టూ గడ్డిపోచ లేకుండా ఏరేసి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసింది. వారం తిరక్కుండా వాడిపోయింది. ఏడుస్తుంటే తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది, అది ఒంటరిగా బతకదని. పక్కనున్న గడ్డి వేళ్ళు పట్టుకుని, వాటి సారం పీల్చుకునే పెరుగుతుందట.

"మరి గడ్డికి కోపం రాదా?"

"గడ్డికేం తెలుస్తుందే, పిచ్చి మొహమా" అని తల్లి నవ్వింది.

హాస్టల్లో చేర్చిన రోజు ఆ తల్లే మురిసిపోతూ కూతురి తెల్లకోటు సవరించింది. భుజం మీద అయిదు వేళ్ళూ పచ్చగా అచ్చుపడ్డాయి. తోటి పిల్లలు ఆ పూటకే 'పసుపుకొమ్ము' అని పేరు పెట్టేశారు. రెండేళ్ళయినా పేరు పోలేదు. సెలవులొస్తే పరీక్షలని ఒకసారి, డ్యూటీలని ఒకసారి, కూతురు ఇంటికి వెళ్ళడమే మానేసింది.

ఉండబట్టలేక ఇప్పుడు తల్లే వచ్చింది. తెచ్చిన డబ్బా విప్పి కూతురికి పెట్టింది గాని తను ముట్టలేదు. ఈమధ్య తిండి సయించడం లేదంది. నాలుగు మెట్లెక్కినందుకే ఆయాసపడింది. మాట్లాడుతున్నంతసేపూ మోచేతులు గోక్కుంటూనే ఉంది. కూతురు తలెత్తి ఆమె మొహం చూడలేదు. చూపంతా ఆ పచ్చటి గోళ్ళ మీదే.

"ఆదివారానికైనా ఆ రంగు వదిలించుకోలేవా?"

తల్లి లేచి కుళాయి దగ్గరికి నడిచింది. కూతురు సబ్బు అందించింది, నిమ్మచెక్క అందించింది, చివరికి గిన్నెలు తోమే పీచూ అందించింది. తల్లి తోలు ఊడేలా రుద్దుకుంది. నీళ్ళు తేటగానే పోయాయి. చేతులు పచ్చగానే మిగిలాయి.

"ఇన్నేళ్ళు దంచింది కదా, ఒంట్లోకి దిగిపోయినట్టుంది" అంది, పెద్ద తప్పేదో చేసినట్టు.

"ఈ వారమైనా ఆ వేరు ముట్టుకోకు."

తల్లి ఏదో చెప్పబోయి మింగేసింది. "అలాగేలే" అంది.

గేటు దగ్గర అలవాటు కొద్దీ కూతురి భుజం నిమిరింది. కూతురు అదిరిపడి కోటు చూసుకుంది. మరక పడలేదు. గండం గడిచింది అనుకుంది. ఆ ధైర్యంతోనే మనసులో మాట కూడా బయటపెట్టేసింది. ఆదివారం పిన్నిని పంపమంది. పిన్ని బట్టల కొట్లో పనిచేస్తుంది, చేతులు శుభ్రంగా ఉంటాయి.

తల్లి తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నిజమేలే. అంత తెల్లటిదానికి ఈ చేతులెందుకు."

ఆదివారం హాలు కిటకిటలాడింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పిల్లని వేదిక మీదికి పిలిచి, రోగిని చూడగానే జబ్బు పసిగట్టే చూపు ఈ అమ్మాయిదని అందరిముందూ మెచ్చుకుంది. చప్పట్లు మోగాయి. పిన్ని వచ్చి టోపీ తలమీద అమర్చింది. ఎక్కడా మచ్చ లేదు. పక్కన అమ్మలంతా కళ్ళు ఒత్తుకుంటున్నారు.

కూతురు ఒకసారి వాళ్ళ వంక చూసింది. అమ్మ ఎలా ఉందని మెల్లగా అడిగింది. రెండు రోజులుగా మంచం దిగలేదనీ, నీకు చెప్పి బెంగపెట్టొద్దందనీ పిన్ని గొణిగింది.

"నా మాట విందా ఎప్పుడైనా? ఇంకా ఆ వేళ్ళ దుమ్ములోనే కూర్చుని ఉంటుంది. చేతుల రంగు కాస్తయినా తగ్గిందా?"

"తగ్గడమా, మొహానిక్కూడా పాకింది."

పిన్ని రెండో పిన్నుని పళ్ళతో తెరిచి, టోపీ కదలకుండా గుచ్చుతూ అంది.

"నీకు చెప్పొద్దంది గానీ, కొండమీద గడ్డి అంతా దున్నేసిననాడే ఆ మొక్కలన్నీ పోయాయి, మీ అమ్మ రంగువేరు ముట్టుకుని ఏడాదవుతోందే."