కిరీటాల పేజీ

"ఈ వాక్యం ఎవరిదండీ? నా మొహం చూసి చెప్పండి!"

హలీమా వేలు మానిటర్ అద్దాన్ని పొడిచేసేలా ఉంది. బాపట్లలో రంగనాయకులుగారి నాటక సామగ్రి దుకాణంలోకి ఆమె వచ్చి నిమిషం కూడా కాలేదు. తెనాలిలో రైలెక్కినప్పుడు ఉన్న కోపం నిడుబ్రోలు దాటేసరికి రెట్టింపైంది. గద బేరమాడుతున్న ఇద్దరు నటులు బేరం మానేసి ఇటు తిరిగారు.

"ఎవరమ్మా నువ్వు? ఏంటీ అరుపులు?" అన్నాడు రంగనాయకులు.

"తెనాలిలో కిరీటాలు చేసే హలీమాని. నెట్‌లో మీరు ఎత్తుకొచ్చిన ఈ పేజీ నాది."

"ఎత్తుకురావడమేంటి? పైన అంత లావున నా పేరుంటే కనపడట్లా?"

"పేరొక్కటే మీది! చదువుతా వినండి. 'మా కిరీటం పెట్టుకుని రెండు గంటలు పద్యాలు పాడినా నుదురు నొప్పి పుట్టదు.' ఇది నా మాట. మీ కిరీటం పెట్టుకుంటే నుదురు బొప్పి కడుతుందని నాటకాలవాళ్లందరికీ తెలుసు!"

నటుల్లో ఒకాయనకు నవ్వొచ్చింది. రంగనాయకులు గుర్రుగా చూసేసరికి దగ్గుతున్నట్టు నటించాడు. పాపం, అంత బాగా నటించలేదు.

"మాటలకేంటమ్మా, ఎవరైనా అంటారు."

"అనరు!" హలీమాకి ఒళ్లు మండిపోయింది. "నెట్‌లో వెతికేవాడు ఏం కొడతాడో తెలుసా మీకు? దుకాణం పేరు కొట్టడు. తనకేం కావాలో అది కొడతాడు. స్కూలు టీచరైతే 'పిల్లల కృష్ణుడి కిరీటం' అని కొడుతుంది. నాటకం ఆడించేవాడు 'దుర్యోధనుడి సెట్టు అద్దెకు' అని కొడతాడు. మా గుమ్మం తొక్కిన ప్రతివాళ్లనీ అడిగి ఆ మాటలన్నీ పోగేశా. ఆ వెతికిపెట్టే యంత్రానికి ఫొటో కనపడదు, రాతే కనపడుతుందంటే, ఒక్కో ఫొటో కింద కూర్చుని రాశా. ఆర్నెల్లకి నా పేజీ మొదటి వరసలోకి వచ్చింది. మొన్నటిదాకా అక్కడే ఉంది. నిన్న చూస్తే నాలుగో పేజీలో పడుంది. మొదట ఎవరున్నారో తెలుసా? మీరు!"

"అది నా అదృష్టం. నన్నేం చెయ్యమంటావు?"

"అదృష్టం కాదు, డబ్బు! పది సైట్లలో మీ పేజీకి లింకులు పెట్టించుకున్నారు. ఇంతమంది చూపిస్తున్నారంటే ఇదే అసలుదనుకుంది ఆ యంత్రం. ఇప్పుడు నాది నకలైంది!"

శివరాత్రి తిరునాళ్లు ఇంకా నెలరోజులే. ఏడాది పొడుగునా వచ్చే పని ఒక ఎత్తు, ఈ నెలలో వచ్చే పని ఒక ఎత్తు. ఇంట్లో భర్త ఖలీల్ రేకులు కత్తిరించి పెట్టుకుని ఫోను కోసం ఎదురు చూస్తున్నాడు. ఈ ఆర్డర్లు తప్పిపోతే చేతికింద ఉన్న ముగ్గురు పనివాళ్లనీ పంపించెయ్యాల్సిందే.

రంగనాయకులు కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకేం తెలీదమ్మా. రేపల్లెలో కంప్యూటర్ సెంటర్ దేవసహాయం చేసిచ్చాడు. వెళ్లి ఆయన్నడుగు."

"ఆయన చేసిచ్చింది మీరు చదవలేదా?"

"చదవడమెందుకు? మొదట వచ్చిందా లేదా, అంతే చూశా."

ఆ నిర్లక్ష్యానికి హలీమా చెయ్యి పక్కనున్న గద మీదికి పోయింది. నటులిద్దరూ చప్పున దాన్ని అవతలికి లాగేశారు. సరిగ్గా అప్పుడే ఆమె సంచిలో ఫోను మోగింది. కొత్త నంబరు. పొద్దున రైల్లోనూ ఇలాగే రెండు కొత్త నంబర్లు వస్తే, మాట్లాడే ఓపిక లేక తీయలేదు. ఇదీ కట్ చేసింది. వెంటనే మళ్లీ మోగింది.

"ఎవరు?" అని ఫోన్లో వాళ్ల మీదా అరిచింది.

అవతలి మనిషి ఏదో చెబుతున్నాడు. హలీమా వింటోంది. "ఎన్ని? నలభయ్యా?" అంది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఎక్కడ చూశారండి?" అంది. జవాబు విని, రంగనాయకులు చేతిలోంచి మౌస్ లాక్కుని, ఆ పేజీని కిందికి, ఇంకా కిందికి, చిట్టచివరిదాకా జరిపింది.

"ఒక్క గంటలో నేనే ఫోను చేస్తానండి" అని ఫోను పెట్టేసింది.

రంగనాయకులు కుర్చీలోంచి లేచాడు. "ఎవరమ్మా, వకీలా? పోలీసులా?"

హలీమా ఫోను సంచిలో వేసుకుంది.

"చూడు తల్లీ, తిరునాళ్లకి ముందు నాకీ గొడవలొద్దు. దేవసహాయానికి ఇప్పుడే చెప్పి ఆ పేజీ మొత్తం తీయించేస్తా. సరేనా?" అంటూ ఆయన ఫోను అందుకున్నాడు.

హలీమా ఆ ఫోను మీద దబ్బున అరచెయ్యి వేసింది.

"తీశారంటే మర్యాద దక్కదు!"

"ఏంటి?"

"ఆ పేజీలో ఒక్క అక్షరం కదిలిందో, మళ్లీ రైలెక్కి వస్తా. ఇంత నెమ్మదిగా మాట్లాడను!"

రంగనాయకులు నోరు వెళ్లబెట్టాడు. "మరి నీ మాటలు? నీ రాతలు?"

"వాడుకోండి. ఉన్నవి ఉన్నట్టు వాడుకోండి. ఆ లింకులు కూడా ఇంకో పది పెట్టించుకోండి!"

విసవిసా మెట్లు దిగి స్టేషన్ దారి పట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో ఫోను మోగింది. ఇంకో కొత్త నంబరు. ఈసారి రెండో మోత మోగకుండానే ఎత్తింది.

"హలో, బాపట్ల రంగనాయకులుగారి దుకాణమేనాండి? మీ పేజీ చివర ఈ నంబరే ఉందండీ!"