మేడ మీద మూడో కాపురం

“నాగమణీ, అర్ధగంటలో ఇల్లు ఖాళీ చేయల్ల!” మెట్లెక్కుతూనే అరిచాడు ఇంటి యజమాని గంగాధరప్ప.

నాగమణి మగ్గం మీద నుంచి చెయ్యి తీయలేదు. “ఏమైందన్నా?”

“మునిసిపాలిటీ నుంచి ప్లానింగాయన వస్తాండాడు. ఈ బజారులో కింద అంగళ్లు, పైన రెండిండ్లకే పర్మిషను. నేను మూడు కట్టినా. మూడో కాపురం మీదే!”

“మూడు కట్టమని నేను చెప్పినానా?”

నాగమణికి ఒళ్లు మండింది. ఎంత ధర్మవరమైతేనేం, మగ్గమున్న వాళ్లకు చప్పుడని ఎవరూ తేలిగ్గా ఇల్లివ్వరు. పైగా మగ్గం మీద సగం నేసిన పెండ్లి చీర ఉంది. ఇప్పుడు మగ్గాన్ని ఊడదీస్తే పోగులు తెగి చీర నాశనమవుతుంది. “చీర అయ్యేదాకా మగ్గం కదిలేది లేదు” అని ఖండితంగా చెప్పేసింది.

గంగాధరప్ప బుర్ర గోక్కున్నాడు. “సరే, మగ్గం ఉండనీ. కాపురం మాత్రం కనపడకూడదు. ఆయప్ప అడిగితే ఇది ఇల్లు కాదు, మగ్గాల షెడ్డని చెప్పు.”

అంతే, కాపురం కదిలింది. నాగమణి మొగుడు జయరాముడు మంచం ఎత్తాడు. పక్కింటి షాహిదా గ్యాస్ పొయ్యి ఎత్తింది. బిందెలు, బియ్యం డబ్బా, పరుపులు అన్నీ షాహిదా ఇంట్లోకి చేరాయి.

“దేవుళ్ల పటాలు యాడ పెట్టల్ల షాహిదక్కా?”

“మనుషులు నిలబడేకి చోటు లేదు గానీ, మీ దేవుళ్లకి బీరువా మీద చోటుండాది, తీసుకురా.”

చివరికి జయరాముణ్ని కూడా సామాన్ల మధ్యకు తోసి తలుపు వేశారు. అప్పుడే ఫైలు చంకలో పెట్టుకుని ప్లానింగ్ ఆఫీసరు మోహన్ వచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయాడు.

“షెడ్డు ముందర ముగ్గెవరేసినారమ్మా?”

నాగమణి పొయ్యి దాచింది గానీ, పొద్దున తాను వేసిన ముగ్గు సంగతే మరిచిపోయింది.

“నేనే సార్. కూలికి నేస్తాండా. మాకు మగ్గం కూడా లక్ష్మే కదా!”

“మీ ఇల్లు యాడ?”

“రొద్దం సార్. పొద్దున బస్సుకొస్తా, సాయంత్రం బస్సుకి పోతా.”

“మధ్యాన్నం అన్నం?”

“క్యారియర్ తెచ్చుకుంటా.”

మోహన్ వరండాలో తీగ వైపు చూశాడు. బడికి పోయిన నాగమణి పిల్లల చొక్కాలు కూడా దాని మీదే ఉండిపోయాయి. “ఈ స్కూలు చొక్కాలు?”

“పక్కింట్లో షాహిదక్క పిల్లోళ్లవి.”

“ఆమెకెంతమంది పిల్లలు?”

“ఇద్దురు సార్.”

“చొక్కాలు నాలుగుండాయే?”

“రెండు జతలు సార్!”

వెనకాల నిలబడ్డ గంగాధరప్ప మురిసిపోయాడు. తన కోర్టు వ్యవహారాలన్నీ ఇన్నాళ్లూ ఈమెకు అప్పగించకుండా ఆ పనికిరాని వకీలుకు అప్పగించానే అని బాధపడ్డాడు కూడా.

మోహన్ మాత్రం కదల్లేదు. మగ్గాన్ని చూశాడు, సగమైన చీర అంచును చూశాడు. “బాగా ఆలోచించి చెప్పమ్మా. ఈడ ఎవరూ కాపురం లేరా?”

“లేరు సార్.”

“ఒక ముసలామె, ఒక పిల్లోడు, ఎవరో ఒకరు? అప్పుడప్పుడన్నా?”

ఎంత గుచ్చిగుచ్చి అడుగుతున్నాడో చూడు, నన్నే పట్టుకోవాలనుకుంటాడా అని నాగమణికి పౌరుషం పొడుచుకొచ్చింది. “చౌడమ్మ తల్లి మీద ఒట్టు సార్! ఈడ ఒక్క రాత్రి కూడా ఎవురూ పండుకోలేదు. కావాలంటే రాసిస్తా!”

మోహన్ నిట్టూర్చి కాగితం ఇచ్చాడు. నాగమణి రాసి సంతకం పెట్టింది. అడక్కుండానే గంగాధరప్ప సాక్షి సంతకం కూడా పడేశాడు.

కాగితం ఫైల్లో పెట్టుకుని, మోహన్ సంచిలోంచి తాళం, లక్క, గుడ్డపట్టీ బయటికి తీశాడు.

“నేనేం చేసేదమ్మా, పోయిన నెలే రూలు మారింది. పైన మూడు కాపురాలుండొచ్చు, కాపురమున్న ఇంట్లో మగ్గమున్నా తప్పులేదు. ఎవరూ ఉండని షెడ్డుకి మాత్రం సీలేయమన్నారు.”