బిక్షం టమాట తోట

“ఇరవయ్యా?” ఫోన్‌లో అవతలి నుంచి బిక్షం మళ్లీ అడిగాడు.

“అవును బాపు. లీటరు నీళ్లకు ఇరవై మిల్లీలీటర్ల మందు. ఎండ తగ్గినంక కొట్టాలె,” సాయిశ్రీ కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివింది.

“సరే బిడ్డా, యాదుంచుకుంట.” కాయిన్ బాక్సులో వేసిన రూపాయి అయిపోయి లైను కట్టయింది.

ఫోను పెట్టేశాక ఆమె మళ్లీ తెర వైపు చూసింది. ఇరవై మిల్లీలీటర్లు పది లీటర్ల నీళ్లకు. లీటరుకైతే రెండే. కళ్లు ఒక గడి పక్కకు జారాయి, అంతే. పదింతల మందు పడితే లేత చెట్లు మాడిపోతాయని ఆ గడి కిందే రాసి ఉంది. వెంటనే ఆ నంబరుకు తిరిగి చేసింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. బిక్షం ఎవరో తమకు తెలియదని పెట్టేశారు.

చేవెళ్లలో సాయిశ్రీ పనిచేసే స్వచ్ఛంద సంస్థ రైతుల కోసం ఫోన్ లైను పెట్టి ఆరు నెలలైంది. సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తాను వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లు నాలుగు ఇచ్చింది. పంట పేరు, తెగులు గుర్తులు కొడితే మందు, మోతాదు తెర మీదికి వస్తాయి. సాయిశ్రీది మొయినాబాద్. తండ్రికి సిమెంటు, ఇనుము దుకాణం. ఆమెతో డిగ్రీ చదివినవాళ్లు హైటెక్ సిటీ కాల్ సెంటర్లలో అమెరికావాళ్లతో మాట్లాడుతుంటే, ఆమె చేవెళ్లలో కూర్చుని టమాటల గురించి మాట్లాడుతోంది. టమాట చెట్టును దగ్గరగా చూసిన పాపాన మాత్రం పోలేదు.

మిగతా రైతులు మందు పేరు అడిగి పెట్టేసేవారు. బిక్షం అట్లా కాదు. ఎందుకని అడిగేవాడు. నారు ఎందుకు కుళ్లుతది? తెల్లదోమ యాడికెల్లి వస్తది? ముడత పడ్డ చెట్టును పీకేస్తే పక్క చెట్టు బతుకుతదా? పసుపురంగు అట్టలకు ఆముదం రాసి తోటలో కడితే దోమ అంటుకుంటుందని ఆమె చెప్పిన రోజు, “గింత చిన్న పనా?” అని, రూపాయి అయిపోయేదాకా మరి మాట్లాడలేదు.

తన తప్పు సంగతి సాయిశ్రీ ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు బిక్షం ఫోన్ చేశాడు.

“బిడ్డా, పూత రాలితే ఏం చేయాలె?”

“ముందు ఇది చెప్పుండ్రి బాపు. ఆ మందు కొట్టిండ్రా? నేను తప్పు చెప్పిన. ఇరవై కాదు, రెండే. చెట్లు ఎట్లున్నయి?”

“గా ముచ్చటకు నువ్వు ఫికర్ చేయకు. పూత సంగతి చెప్పు.”

చెప్పింది. ఆ తర్వాత అతని నుంచి ఫోన్ రాలేదు. పది రోజులు గడిచాయి. ఫోన్ మోగినప్పుడల్లా అందరికన్నా ముందు ఆమే ఎత్తేది.

పదకొండో రోజు సంస్థ నడిపే కాశీనాథ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. “సోమవారం కంపెనీవాళ్లు వస్తున్నరు. ఈ లైనుతోని ఎవరికి లాభమైందో చూపియ్యకపోతే కంప్యూటర్లు వాపస్ ఇయ్యమంటరు. బిక్షం తోట ఫోటోలు తీసుకరా.”

“వేరే రైతు అయితే కాదా సార్?”

“పోయిన నెలల ముప్పై ఒక్కసార్లు ఫోన్ చేసినాయన కన్నా మంచి రైతు యాడ దొరుకుతడు?”

ఆఫీసు కెమెరా మెడలో వేసుకుని ఆమె స్కూటీ మీద బిక్షం ఊరు చిన్న మంగళారం బయలుదేరింది. దారి పొడుగునా ఫామ్‌హౌసుల కొత్త గోడలు. అతనితో ఏమనాలో ఆ గోడల వెంట నాలుగైదు రకాలుగా అనుకుంది.

బిక్షం భార్య సుక్కమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. “కంప్యూటర్ బిడ్డవు నువ్వేనా? కూసో. ఫామ్‌హౌసుల పనికి పోయిండు, వచ్చే యాల్లయింది,” అని చెంబుతో నీళ్లిచ్చింది. ఆ ముఖంలో కోపం ఎక్కడా లేదు. సాయిశ్రీకి అదే ఎక్కువ భయం వేసింది.

కాసేపటికి బిక్షం వచ్చాడు. మోకాళ్లదాకా తడిసి ఉన్నాడు. కెమెరాను చూసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“ఫోటోలకు వచ్చినవా బిడ్డా?”

“సార్ పంపిండు. నేను వచ్చింది అందుకు కాదు.” దారిలో అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. “తోట ఉన్నదా బాపు? నిజం చెప్పుండ్రి.”

బిక్షం అరుగు మీద కూర్చున్నాడు. “లేదు. అంత ఎండిపోయింది. ఒక్క చెట్టు మిగల్లే.”

సాయిశ్రీ కెమెరా తీసి పక్కన పెట్టింది. “నా వల్లనే అయింది. సార్‌కు నేనే చెప్త. నౌకరి పోయినా సరే, రాసిస్త.”

“నీ తప్పేం లేదు బిడ్డా.”

“ఇరవై అని చెప్పింది నేనే కదా. మీరు నా మాట నమ్మిండ్రు.”

“నమ్మిన. నువ్వు చెప్పినయన్ని నమ్మిన.” బిక్షం తలకు చుట్టిన తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. “నాకు అడుగుదామంటే ఎవ్వలు లేకుండిరి. దుకాణపాయన ఏ డబ్బా ఇస్తే అదే కొట్టిన. నా చేతులతోనే పాడు చేసుకున్ననా, ఏం చేసినా పోయేదేనా, గది ఎరుక గాలె. గది తెలుసుకుందామనే నీకు ఫోన్ చేసిన.”

సాయిశ్రీకి ఏమీ అర్థం కాలేదు. సుక్కమ్మ వైపు చూసింది. ఆమె తల వంచుకుని గింజలు తీస్తోంది.

“నాలుగేండ్లాయె బిడ్డా, ఆ తోట ఎండిపోయి,” అన్నాడు బిక్షం.