ఉసిళ్ళు వదిలినవాళ్ళు

పురుగులన్నీ నశించాక, లంబసింగి వాగు మీద కంపెనీవాళ్ళే రోజుకో రకం పురుగుని తయారుచేసి వదులుతున్నారు. ఏ రకం వదులుతారో పొద్దున్నే ఫోను చెబుతుంది; చేపలు ఆ రకానికే ఎగబడతాయి. బొజ్జమ్మ దారంతో, కోడి ఈకలతో గాలాలకు అచ్చం అలాంటి ఉత్తుత్తి పురుగుల్ని కట్టి, ట్రౌట్ చేపలు పట్టడానికొచ్చే టూరిస్టులకు ఇస్తుంది.

ఇవాళ తూనీగలన్నారు. వేళ్ళు తిమ్మిరెక్కేదాకా తూనీగలు కట్టింది. మధ్యాహ్నం వాన దంచికొట్టింది. చీకటిపడే వేళకి ఆమె మొగుడు దొన్ను, వాగు దగ్గర్నించి గాలాలన్నీ వెనక్కి మోసుకొచ్చాడు.

"ఒక్క చేపా ముట్టనేదే. అన్నీ ఉసిళ్ళకే ఎగబడతన్నాయి. టూరిస్టులు తిట్టుకుంటా ఎల్లిపోనారు."

"సెప్పకుండా ఉసిళ్ళు ఒదిలీసినారా? మళ్ళీ మొదట్నించీ కట్టమనా?" బొజ్జమ్మ విసుక్కుంటూ కంపెనీకి ఫోను చేసింది.

"వర్షం కారణంగా నేడు పురుగుల విడుదల నిలిపివేయబడినది," అంది అవతలి గొంతు, ఎప్పటిలాగే తీయగా.

"అబద్ధాలకోర్లు!" ఫోను పడేసి చీపురందుకుంది.

అరుగు మీద దీపం కింద రెక్కలు కుప్పగా రాలి ఉన్నాయి. రెక్కలూడిన ఉసిళ్ళు వాటి మధ్య పాకుతున్నాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది. కంపెనీ పురుగులు రెక్కలు రాల్చవు. ఆమె రోజూ ఊడ్చి పోసేది రెక్కలు ఊడకుండానే చచ్చినవాటిని.

"మావా, ఇయి ఎవులూ ఒదల్నేదు."

దొన్ను అరుగు చివర కూలబడి, ఒక రెక్కని దీపానికి ఎత్తి చూశాడు.

"అయితే రేపేటి కట్టాలో ఎవుల్నడగాలే?"