సింహాచలం గొంతు

నలభై ఏళ్లపాటు నాటకాల్లోనూ సినిమాల్లోనూ రాజుగా, తండ్రిగా, జడ్జిగా నటించిన సింహాచలం, వయసు మళ్లాక తన గొంతును ఒక కంపెనీకి ఇచ్చేశాడు. ఇప్పుడు విశాఖపట్నంలో లిఫ్టులూ బస్సులూ కుక్కర్లూ అన్నీ ఆ గొంతుతోనే మాట్లాడుతున్నాయి.

ఇంట్లో భార్య పైడమ్మకు పొద్దస్తమానం అదే గోల. పాలు పొంగుతున్నాయని స్టవ్వు, తలుపు వేయలేదని తాళం, పేరు పెట్టి మరీ పిలుస్తాయి. ఆవిడ వాటిని పట్టించుకోవడం మానేసింది. అతను కాఫీ అడిగినా ఏ వస్తువో అడిగిందనుకుని తిరిగి చూడదు. విసిగిపోయి అతనూ మాటలు తగ్గించేశాడు.

ఒకరోజు ఉదయం స్నానాలగదిలో కాలు జారి పడ్డాడు. నడుం కదల్లేదు.

"పైడమ్మా, ఒకసారి ఇలా రా," అని పిలిచాడు.

"ఈ వాషింగ్ మెషీనుకి తొందరెక్కువ," అని వంటింట్లో ఆవిడ విసుక్కోవడం వినిపించింది.

నాటకాల హాల్లో చివరి వరుసదాకా వినబడే గొంతుతో మళ్లీ పిలిచాడు.

"వస్తాను, ఆ బట్టలెక్కడికీ పోవులే."

తడి నేల మీద వణుకు పుట్టింది. ఇక ఓపిక లేక నోటికొచ్చినట్టు అరిచాడు.

"ఓలే పైడీ, పడిపోనానే. ఓపాలి రాయే."

నాటకాల్లో చేరిన కొత్తలో గురువు పట్టుబట్టి మాన్పించిన ఊరి యాస అది. కంపెనీవాళ్లకు అతను ఇచ్చిన మాటల్లో అది లేదు.

పైడమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, తువ్వాలు కప్పి, పక్కనే కూలబడింది.

"ఇంతసేపూ పిలిచింది నువ్వేనేటి?"

"నానేనే."

"మరి ముందే ఇలాగ పిలవలేకపోనావా?"

"మర్చిపోనానే," అన్నాడు సింహాచలం.