మూడు గిన్నెల అన్నం

"పార్క్ మాన్‌సిక్."

గేటు బయట ఎవరో పిలిచారు. మొగుడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్న గుమ్‌రే చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పార్క్ మాన్‌సిక్."

రెండోసారి. పరలోకపు దూతలు పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకి ప్రాణం లేచి వాళ్ళ వెంట నడుస్తుంది. మొగుడు మాన్‌సిక్ ఈ పూట దాటడని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. డెబ్బై ఆరేళ్ళ గుమ్‌రే మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, ఒక్క ఉదుటున వెళ్ళి గేటు తీసింది.

ఎదురుగా ముగ్గురు. మడమల దాకా నల్లటి అంగీలు, వెడల్పాటి అంచుల నల్లటోపీలు, సున్నం కొట్టినట్టున్న మొహాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఉన్నారు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇంకోసారి ఆ పేరెత్తితే ఊరుకోను," అంది గేటుకి అడ్డంగా చేతులు చాపి. "ఆయన ఇంట్లో లేడు. వెళ్ళండి."

ముందున్న కుర్రాడు తడబడ్డాడు. "మేం మంచినీళ్ళ కోసం వచ్చాం అవ్వా."

"దూతలకి నీళ్ళెందుకు?"

"దూతలం కాదవ్వా, పాటలు పాడేవాళ్ళం. నేను తేయుల్, వీడు హేవన్. ఊరి మొదట్లో కాపలా కొయ్యబొమ్మలున్నాయి కదా, అక్కడ మా పాట షూటింగ్. ఇదంతా వేషం." బుగ్గ మీద వేలితో గీసి చూపించాడు. వేలికి తెల్లపొడి అంటింది.

"మరి మా ఆయన్ని పేరు పెట్టి పిలిచిందెవరు?"

కుర్రాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. వెనకున్న మూడోవాడు టోపీ కళ్ళ మీదికి దించుకుని, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాడు.

"ఈ వెనకున్న డాన్సర్ అన్న అయ్యుంటాడు," అని గొణిగాడు హేవన్. "గేటు మీద పేరు పలక ఉందిగా, చదివుంటాడు."

గుమ్‌రే వాళ్ళని ఎగాదిగా చూసింది. మాట్లాడుతున్న ఇద్దరి మొహాల మీదా చెమటకి పొడి చారలు కట్టింది. బక్కచిక్కిన పిల్లలు. కోపం తగ్గింది గాని భయం పోలేదు.

"మీ పాటలో ఈ దూతలేం చేస్తారు?"

"ఒకమ్మాయి ప్రాణం తీసుకెళ్ళడానికి వస్తారు," అన్నాడు తేయుల్. "చివర్లో జాలిపడి వదిలేస్తారు."

"వదిలేస్తారా?"

"పాట కదవ్వా."

గుమ్‌రే ఒక్క క్షణం ఆలోచించింది. "లోపలికొచ్చి ఆ అరుగు మీద కూర్చోండి," అని వంటింట్లోకి వెళ్ళింది.

మూడు గిన్నెల నిండా తెల్లన్నం, మూడు చిన్న పళ్ళేల్లో చిక్కటి సోయా పులుసు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. గడ్డిచెప్పులు ఇప్పుడెవరింట్లో ఉన్నాయి గనక, మొగుడి తెల్ల రబ్బరు చెప్పులే మూడు జతలు తుడిచి వరసగా పెట్టింది. అన్నం, పులుసు, గడ్డిచెప్పులు, చావు జరిగిన ఇంటి ముందు దూతల కోసం పెట్టేవి ఇవే. ఊపిరి ఆగాక పెట్టడం ఆచారం. గుమ్‌రే ముందే పెట్టేసింది. లంచమన్నది పని జరగకముందు ఇవ్వాలి గాని, జరిగిపోయాక ఇస్తే ఎవడిక్కావాలి?

కుర్రాళ్ళకి అదేమిటో తెలిసింది. ఇద్దరూ చెంచాలు ముట్టుకోలేదు.

"వేషమే కావచ్చు," అంది గుమ్‌రే. "ఆ బట్టలు కట్టుకుని నా గుమ్మం తొక్కారు. కడుపునిండా తినండి. తిన్నాక, ఆయన్ని వదిలేశామని ఒక్క మాట చెప్పి పోండి నాయనా. నాకు అది చాలు."

తేయుల్ కళ్ళు చెమర్చాయి.

"మేనేజరన్న చూస్తే చంపేస్తాడ్రా," అన్నాడు హేవన్ మెల్లిగా. "పాట అయ్యేదాకా లావెక్కకూడదని చిలగడదుంప తప్ప ముట్టొద్దన్నాడు."

"దూతల్ని చంపేదెవడ్రా?" అంటూ తేయుల్ చెంచా అందుకున్నాడు.

మూడోవాడు అరుగు చివర అటు తిరిగి కూర్చుని, మెతుకు మిగలకుండా తిన్నాడు. తిన్నాక మొదటిసారి నోరు విప్పాడు.

"పులుసులో ఉప్పు ఎక్కువైందమ్మా."

"దాహమేసి దారిలో ఆగుతారని," అంది గుమ్‌రే. ఎందుకో అతనితో అబద్ధం చెప్పాలనిపించలేదు.

అతను చిన్నగా నవ్వాడు. అంగీలోంచి ఒక పాత పుస్తకం తీసి, వెతికి వెతికి ఒక పేజీ దగ్గర ఆగి, బొటనవేలు తడి చేసుకుని ఒక పేరు మీద రుద్దాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు కదా. వదిలేశాను," అన్నాడు.

"ఏం నటనన్నా," అన్నాడు హేవన్, నోట్లో అన్నంతోనే.

అతను ఒక జత రబ్బరు చెప్పులు తొడుక్కుని, గుమ్‌రేకి వంగి దణ్ణం పెట్టి, కొండవైపు బాట పట్టాడు.

"ఏమేవ్," అని లోపల్నించి వినిపించింది. మూడు రోజులుగా మూలుగు తప్ప మాట లేని గొంతు. "అన్నం వాసనొస్తోంది. నాకు పెట్టవా?"

గుమ్‌రే ఇంకో గిన్నె కోసం వంటింట్లోకి పరిగెత్తింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

అంతలో మేనేజర్ గూ రొప్పుతూ గేటులోకి వచ్చాడు. "మీకోసం ఊరంతా గాలిస్తున్నా," అంటూ ఖాళీ గిన్నెలు చూసి ఆగిపోయాడు. "ఇద్దరూ కలిసి మూడు గిన్నెలు లాగించార్రా?"

"మూడోది మాది కాదన్నా," అన్నాడు తేయుల్. "డాన్సర్ అన్న తిన్నాడు. ఇదే నల్లటోపీ, ఇదే అంగీ. ఇప్పుడే అటు వెళ్ళాడు."

గూ కొండబాట వైపు చూశాడు. ఎండలో బాటంతా ఖాళీగా ఉంది.

"డాన్సర్లు వచ్చేది రేపురా," అన్నాడు. "ఇవాళ నేను తెచ్చినవి రెండు టోపీలే."